భద్రతామండలి ఆంక్షల జాబితా: విరాళం పంపే ముందు ఒకసారి చూడవలసిన సేవ

విదేశంలో మేముండే ఊరి తెలుగు సంఘానికి కొన్నేళ్లుగా లెక్కలు చూస్తున్నాను. వరదలకో భూకంపానికో డబ్బు పంపవలసి వచ్చినప్పుడల్లా, పుచ్చుకునే సంస్థ పేరును ముందుగా ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ఆంక్షల జాబితాలో వెతుకుతాను. దీనికి రుసుము లేదు. జాబితా మొత్తాన్ని పీడీఎఫ్‌గా దించుకోవచ్చు.

ఈ సేవ విలువ తెలియాలంటే లష్కరే తోయిబా వివరాలు తెరవాలి. క్యూడీఈ.118 అనే సంఖ్య కింద మారుపేర్లే ఒక పేరా నిండా ఉంటాయి, ఒకే పేరును నాలుగైదు స్పెల్లింగుల్లో విడివిడిగా ఇచ్చారు. వాటి నడుమ, సేవాసంస్థలుగా చెప్పుకున్న జమాత్-ఉద్-దవా, ఫలాహ్-ఎ-ఇన్సానియత్ ఫౌండేషన్ కనిపిస్తాయి. ఈ రెండో పేరుకు మానవ సంక్షేమమని అర్థం.

నేను ఎక్కువసేపు ఆగింది తేదీల దగ్గర. లష్కర్‌ను 2005 మే 2న చేర్చారు. జమాత్‌ను ముంబయి దాడులు జరిగిన రెండు వారాలకు, 2008 డిసెంబరు 10న చేర్చారు. ఫలాహ్ వంతు 2012 మార్చి 14న వచ్చింది. పాకిస్థాన్ 2002 జనవరిలోనే లష్కర్‌ను నిషేధించినా, దాని స్థాపకుడు హఫీజ్ సయీద్ జమాత్ పేరుతో పని సాగించాడు. 2005 అక్టోబరు కశ్మీర్ భూకంపంలో జమాత్ శిబిరాల్లో గాయపడినవారికి నిజంగానే వైద్యం అందింది కనుక, చందా ఇచ్చినవారికి అనుమానించే అవసరమే కలగలేదు. బక్రీదుకు బలి ఇచ్చిన జంతువుల తోళ్లను ఇంటింటా సేకరించి అమ్మడం కూడా దానికొక రాబడి. ఉగ్రవాదానికి నిధులు సమకూర్చిన కేసుల్లో లాహోర్ న్యాయస్థానం సయీద్‌కు శిక్ష వేసింది 2020 ఫిబ్రవరిలో. క్షతగాత్రుల పేరు చెప్పి తెచ్చిన సొమ్ము తుపాకులకు చేరడాన్ని మించిన ద్రోహం నాకు తోచదు.

వాడేవారికి ఒక జాగ్రత్త చెప్పాలి. ఒకసారి ఒక సంస్థ నిర్వాహకుడి పేరు జాబితాలోని పేరుతో అచ్చంగా కలిసింది. పుట్టిన సంవత్సరం పోల్చి చూశాక వేరే మనిషని తేలింది. ఆ ఒక్క నిమిషం ఓపిక లేకపోతే మంచివారికి అన్యాయం చేసేవాళ్లం. అలాగే, పేరు దొరకనంత మాత్రాన సంస్థ శుభ్రమైనదని అనుకోకూడదు. సంస్థ పాత పేరేమిటో, ధర్మకర్తలెవరో అడిగి, ఆడిట్ నివేదిక చూశాకే మేము డబ్బు పంపుతున్నాం.

అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. లష్కర్‌ను చేర్చాక జమాత్‌ను చేర్చడానికి పట్టిన మూడున్నరేళ్లకే ఆ ఒక్క మార్కు తగ్గించాను.