వేళ్లు లేని కాక్టస్ ముక్కకి ఆరు వందలు పెట్టొచ్చా? నా రివ్యూ

పెట్టొచ్చు. "వేళ్లు వచ్చేశాయి" అని చెప్పి పైన ఇంకో నూట యాభై తీసుకునే ముక్క మాత్రం వద్దు. ఎందుకో కింద వివరంగా రాస్తున్నా, ఓపిక ఉంటే చదవండి.

ఇన్‌స్టాలో కాక్టస్‌లు అమ్మే ఒకాయన దగ్గర (పేరు రాయను, ఇలాంటి పేజీలు బోలెడు ఉన్నాయి, అమ్మే పద్ధతి కూడా అందరిదీ ఇంచుమించు ఒకటే) నిలువుగా స్తంభంలా పెరిగే సెరియస్ కటింగులు రెండు తెప్పించాను. ఒకటి తల్లిమొక్క నుంచి కోసి ఆరబెట్టిన ముక్క, అడుగున్నర పొడవు, ఆరు వందలు. రెండోదీ అదే సైజు, "రూటెడ్" అని రాసి ఏడు వందల యాభై. కొరియర్ ఖర్చు వేరే. హైదరాబాద్ నర్సరీల్లో కూడా ఇది దొరుకుతుంది, ఎక్కువగా కడియం నుంచి లారీల్లో వస్తుంటాయి, కాకపోతే చాలావాటికి వేళ్ల చుట్టూ జిగట మట్టి గడ్డ ఉంటుంది. ఆ మట్టి మామిడి అంటుకి బాగుంటుందేమో గానీ కాక్టస్‌కి అంతా కడిగేసి మళ్లీ నాటుకోవాల్సిందే. ఎలాగూ ఆ పని తప్పనప్పుడు ముక్కే నయం అనిపించింది.

ప్యాకింగ్‌కి ఫుల్ మార్కులు. న్యూస్‌పేపర్ పొరలు, అట్టపెట్టె, కదలకుండా చివర్లలో కుక్కిన కాగితం, ప్లాస్టిక్ కవర్ అస్సలు లేదు. ఇది చిన్న విషయం కాదు, ప్లాస్టిక్‌లో చుట్టి పంపితే లోపల చెమ్మ పట్టి దారిలోనే కుళ్లు మొదలవుతుంది. అసలు వేళ్లూ నీళ్లూ లేకుండా అన్ని రోజులు పెట్టెలో ఎలా బతుకుతుందని మా అత్తగారు అడిగారు. కాక్టస్ పగలు తన తొక్క మీదున్న గాలి పీల్చే సన్నటి రంధ్రాలు మూసేసుకుని రాత్రి చల్లబడ్డాకే తెరుస్తుంది, అందుకే లోపలి నీళ్లు అంత తొందరగా పోవు. లావుపాటి ముక్క నెలల తరబడి ఊరికే గోడకి ఆనించి ఉంచినా చావదు. (ముళ్ల మొక్క ఇంట్లో పెట్టకూడదని ఆవిడ రెండో అభ్యంతరం. డాబా మీద పెట్టాం, గొడవ తీరింది.)

ముక్క చేతికి రాగానే చూడాల్సింది కోసిన చోటు. ఈయన పంపిన మొదటి ముక్క అడుగు భాగం బెరడులా గట్టిపడి, గోధుమరంగులో, లోపలికి కొంచెం గుంటలా ఉంది. అంచులు కూడా పెన్సిల్ చెక్కినట్టు ఏటవాలుగా కోశాడు. పనితెలిసిన వాళ్లే అలా చేస్తారు: ఆరేటప్పుడు మధ్యలోని గుజ్జు లోపలికి ముడుచుకుపోతుంది, వేళ్లేమో కోత మధ్యలో గుండ్రంగా కనిపించే గట్టి వలయం దగ్గర నుంచి రావాలి, అంచులు చెక్కకపోతే వలయం లోపలే ఇరుక్కుని వేళ్లు పక్కకి తన్నుకొస్తాయి. కోత మీద గంధకం పొడి కూడా చల్లి ఉంది. ఆ వలయం ఎక్కడైనా నారింజ రంగులోనో ఎర్రగానో కనిపిస్తే మాత్రం అది కుళ్లు. శుభ్రమైన తెల్లటి గుజ్జు వచ్చేదాకా, ప్రతిసారీ కత్తి స్పిరిట్‌తో తుడుచుకుంటూ, పైకి పైకి కోసుకుంటూ పోవాలి.

ఇప్పుడు ఆ రూటెడ్ ముక్క సంగతి. చిన్న నల్ల కుండీలో, కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టు) గుచ్చి ఉంది. కోకోపీట్ తడిగా, బరువుగా ఉంది. కొంచెం లాగితే ఊడి చేతిలోకి వచ్చేసింది, ఒక్క వేరు లేదు, కింది భాగమంతా మెత్తబడి పుల్లటి వాసన. అంటే కోసిన ముక్కనే కోకోపీట్‌లో గుచ్చి దానికో పేరు పెట్టి నూట యాభై ఎక్కువ వేశారన్నమాట. ఫొటోలు పంపితే "సారీ అక్కా, స్టాఫ్ తప్పు" అని సగం డబ్బులు వెనక్కి వేశాడు, అది మెచ్చుకోవాలి, చాలామంది ఆ మెసేజ్ చూసి కూడా జవాబివ్వరు. ముక్కలో కుళ్లిన భాగం తీసేస్తే అడుగు కంటే కొంచెం ఎక్కువే మిగిలింది, అది ఆరబెట్టి నాటాను, ఇప్పుడు బాగానే ఉంది. కానీ డబ్బు పెట్టి ఈ ఆపరేషన్ ఎందుకు చేయాలి? వేళ్లు లేని ముక్క అయితే కోత కళ్లెదురుగా కనిపిస్తుంది, దాచడానికి ఏమీ ఉండదు.

ఇంకో ఫిర్యాదు, పెట్టెలో పెట్టిన కాగితం. "నాటిన వెంటనే నీళ్లు పోయండి, రోజూ స్ప్రే చేయండి" అని రాసుంది. దయచేసి ఇది మాత్రం పాటించకండి. తాగడానికి వేళ్లే లేనప్పుడు పోసిన నీళ్లన్నీ గాయం చుట్టూ నిలబడి బూజుకి పనికొస్తాయి. ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో నాకొక అనుమానం. మన ఇళ్లల్లో బ్రహ్మకమలం అని పెంచుకునేది కూడా కాక్టసే, పక్కింటి నుంచి ఒక ఆకు తెచ్చి తడిమట్టిలో గుచ్చితే చాలు వచ్చేస్తుంది. అది అడవుల్లో చెట్ల కొమ్మల మీద, చెమ్మలో బతికే జాతి. సెరియస్ అలాంటిది కాదు, లావుపాటి గుజ్జు, కోత పెద్దది, ఆరడానికి టైమ్ ఇవ్వాలి.

నేను చేసేది ఇదీ. నీడగా, గాలి తగిలే చోట ఖాళీ కుండీలో నిలబెట్టి రెండు వారాలు ఆరనివ్వడం, లావుగా ఉంటే ఇంకా ఎక్కువ. పడుకోబెట్టి వదిలేస్తే కొన ఎండ వైపు వంగుతుంది, పక్కల నుంచి వేళ్లు వస్తాయి, కాబట్టి నిలబెట్టే ఉంచాలి. తర్వాత ముతక ఇసుక, కొంచెం ఎర్రమట్టి, చితక్కొట్టిన ఇటుక ముక్కలు లేదా పర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) కలిపిన పొడి మిశ్రమంలో రెండు మూడు అంగుళాల లోతు మాత్రమే నాటి, కర్రకి కట్టేయాలి. ఇసుక అంటే జల్లించిన ముతకది, దుమ్ము ఉన్నది సిమెంటులా బిగుసుకుపోతుంది. మట్టి కుండీ అయితే మంచిది, తొందరగా ఆరుతుంది, బరువు వల్ల పడిపోదు కూడా. మూడు నుంచి ఆరు వారాల్లో, వెచ్చగా ఉంటే, వేళ్లు పడతాయి. మెల్లగా కదిపి చూస్తే పట్టు తెలుస్తుంది, కొనలో కొత్త లేతాకుపచ్చ కనిపించినా గుర్తే. అప్పుడు మొదటిసారి నీళ్లు. ఎండకి కూడా మెల్లగా అలవాటు చేయాలి, మే నెల హైదరాబాద్ ఎండలో కొత్త ముక్కని నేరుగా పెడితే కాలి తెల్లటి మచ్చలు పడతాయి, అవి ఇక పోవు. గ్రీన్ నెట్ కింద పెట్టండి. అలాగని హాల్లో మూల పెడితే వెలుతురు చాలక కొన సన్నగా సాగిపోతుంది, ఆ సన్నటి మెడ తర్వాత లావెక్కదు, పైన బరువు పెరిగితే అక్కడే విరుగుతుంది.

పేజీలో ఇంకో మాయ ఉంది, ఎర్రటి పండ్ల ఫొటో. "ఆపిల్ కాక్టస్, ఇంట్లోనే పండ్లు" అని. ఈ సెరియస్‌కి పండ్లు కాసేది నిజమే, ఇజ్రాయెల్‌లో కోబో అనే పేరుతో తోటలు వేసి అమ్ముతారు. పూలు కూడా అద్భుతం, తెల్లగా, పెద్దగా, ఒక్క రాత్రి పూసి పొద్దున్నకి వాడిపోతాయి. కానీ మామూలుగా తన పుప్పొడితో తను కాయ కట్టదు. ఒకే తల్లి నుంచి కోసిన ముక్కలు పది పెట్టుకున్నా అవన్నీ ఒకే మొక్క కింద లెక్క, ఒకదానితో ఒకటి కాయవు. మీకు, మీ చెల్లెలికి ఒకే పేజీ నుంచి తెప్పించుకుని పండ్ల కోసం ఎదురుచూడకండి. వేరే చోటి నుంచి, వేరే తల్లి ముక్క కావాలి. పైగా అడుగున్నర ముక్క పూయడానికి ఏళ్లు పడుతుంది. ఈ మాట ఆ ఫొటో కింద ఒక్క లైను రాస్తే ఏం పోయింది?

లేబుల్ మీద సెరియస్ పక్కన రకం పేరు "పెరువియానస్" అని ఉంది, ఆ పేరుతో తిరిగేవాటిలో ఒకటి వెనిజులా, కురసావ్ వైపుది, ఇంకోటి బ్రెజిల్, ఉరుగ్వే, అర్జెంటీనా వైపుది. పెంచేవాళ్లకి పెద్ద తేడా లేదు. అదే పేజీలో కాక్టస్ అని అమ్ముతున్న ఇంకో నిలువు మొక్క మాత్రం కాక్టసే కాదు, యుఫోర్బియా, మన బొంతజెముడు కుటుంబం. గిల్లితే పాలు కారతాయి, కంట్లో పడితే ప్రమాదం. ముళ్ల మొదట్లో దూదిలాంటి చిన్న మెత్త ఉంటే కాక్టస్, జంటగా ముళ్లుండి ఆ మెత్త లేకపోతే యుఫోర్బియా.

ఆర్డర్ పెట్టేముందు రెండు అడగండి. కొన ముక్కా, మధ్య ముక్కా? మధ్య ముక్కకి పైకి పెరిగే మొగ్గ ఉండదు, పక్కల నుంచి పిలకలు వేస్తుంది, కాబట్టి ధర తక్కువ ఉండాలి, ఈ పేజీలో రెండింటికీ ఒకే రేటు. మధ్య ముక్కే అయితే ఏది పైవైపో బాణం గుర్తు పెట్టమనండి, సెరియస్‌లో రెండు చివర్లూ కోసేశాక తలకిందులు కనిపెట్టడం కష్టం. రాగానే నిలువు గాడుల మధ్య పిండినల్లి (తెల్లటి పిండిలా కనిపించే పురుగు) ఉందేమో చూసి, ఉంటే దూదికి స్పిరిట్ అద్ది తుడవండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా తెప్పించకపోవడమే మేలు, గాలిలో తేమకి కోత సరిగ్గా ఆరదు. నేనైతే మళ్లీ ఫిబ్రవరిలో ఈయన దగ్గరే నీలిరంగు పిలోసోసెరియస్ (ఇదీ నిలువుగా పెరిగే కాక్టసే) కొన ముక్క ఒకటి తెప్పిస్తా, వేళ్లు లేనిదే. అయిదుకి మూడున్నర.