పొగ లెక్క అడిగే కోర్టా, మాకెందుకులే అనే కోర్టా... ఏది మేలు?

కొత్తగా ఒక ఆయిల్ బావికి పర్మిషన్ ఇస్తున్నారనుకోండి, అందులోంచి వచ్చే చమురు రేపు ఎక్కడో ఎవరి బండిలోనో కాలి పొగవుతుంది కదా (పొగంటే ఇక్కడ భూమిని వేడెక్కించే కార్బన్ వాయువులు), ఆ పొగ ఎవరి ఖాతాలో రాయాలి, తవ్వినోళ్ళదా తగలబెట్టినోళ్ళదా? చూడ్డానికి గుమస్తా లెక్కలా ఉంది గానీ ఐదారేళ్ళుగా బ్రిటన్, నార్వే, అమెరికాల్లో చమురు తవ్వకాల మీద నడిచిన పెద్ద కేసులు తిరిగి తిరిగి ఇక్కడికే వస్తున్నాయి. ఒక్కో కోర్టు ఒక్కో దారి పట్టింది. అవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకేమనిపించిందో రాస్తున్నా, నేను లాయర్ని కాదు, తీర్పులు చదివే పిచ్చి ఉందంతే.

ముందు బ్రిటన్. సర్రే కౌంటీలో గాట్విక్ ఎయిర్‌పోర్ట్‌కి దగ్గర్లో హార్స్ హిల్ అని ఒక చోటుంది, అక్కడ 20 ఏళ్ళ పాటు ఆయిల్ తీసుకోమని 2019లో కౌంటీ కౌన్సిల్ పర్మిషన్ ఇచ్చింది. పర్యావరణ రిపోర్టులో పొగ లెక్క అసలు రాయలేదని కాదు, రాశారు, సైట్ దగ్గర జరిగే పనుల వల్ల వచ్చేదంతా కలిపి సుమారు 1.4 లక్షల టన్నులు. ఆ ఆయిల్ మొత్తం కాలిస్తే వచ్చేది మాత్రం కోటి టన్నుల పైమాటే, అంటే రాసినదానికి దాదాపు 75 రెట్లు, దాని ఊసే లేదు. సారా ఫించ్ అనే స్థానికురాలు కేసు వేశారు, హైకోర్టులో ఓడిపోయారు, అప్పీల్ కోర్టులోనూ ఓడిపోయారు, చివరికి 2024 జూన్ 20న సుప్రీం కోర్టులో 3-2తో గెలిచారు.

మెజారిటీ తీర్పు రాసింది లార్డ్ లెగ్గాట్. అందులో నాకు బాగా నచ్చిన ముక్క ఉక్కు పోలిక. ఫ్యాక్టరీలో ఉక్కు తయారైందంటే అది వంతెన అవుతుందో ఇంకేదైనా అవుతుందో ముందే చెప్పలేం, కాబట్టి దాని తర్వాత కథంతా ఆ ఫ్యాక్టరీ నెత్తిన రుద్దలేం. చమురు అలా కాదు, మధ్యలో రిఫైనరీకి వెళ్ళినా ఎన్ని చేతులు మారినా దాని తలరాత కాలడమే, ఈ కేసులో అవతలి పక్షం కూడా అది కాలదని వాదించలేదు, మరి తప్పకుండా జరిగేదాన్ని ప్రాజెక్ట్ ప్రభావం కాదంటే ఎలా? అలాగని కోర్టు తవ్వొద్దనలేదు. లెక్క రాయండి, జనం ముందు పెట్టండి, అది చూశాక కూడా పర్మిషన్ ఇవ్వాలనుకుంటే ఇచ్చుకోండి అంది. చాలామంది దీన్ని బ్యాన్ అనుకుని పండగ చేసుకున్నారు, ఇంకొంతమంది అదే అనుకుని తిట్టారు, రెండు వర్గాలూ తీర్పు చదివినట్టు లేరు.

అమెరికా దీనికి పూర్తిగా ఎదురు. యూటాలోని యుయింటా బేసిన్ నుంచి మైనంలా గడ్డకట్టే క్రూడ్‌ని బయటికి తెచ్చేందుకు 88 మైళ్ళ రైలు లైను, దాని రిపోర్టే 3,600 పేజీలకు పైన. ఈ లైను వేస్తే అక్కడ పెరిగే డ్రిల్లింగ్ సంగతి, అవతల రిఫైనరీల పొగ సంగతి సరిగ్గా చూడలేదని కింది కోర్టు కొట్టేసింది. 2025 మే 29న సుప్రీం కోర్టు 8-0తో దాన్ని తిరగేసింది, అవన్నీ వేరే ప్రాజెక్టులు, రైలు లైను మీద నిర్ణయం తీసుకునే సంస్థ వాటి లెక్క తీయక్కర్లేదు, ఇలాంటి విషయాల్లో కోర్టులు సంస్థల మాటకి విలువివ్వాలి అని జస్టిస్ కావనా రాశారు. కొంచెం న్యాయంగా మాట్లాడుకుందాం, రైలు లైను వేరు బావి వేరు, పైగా 3,600 పేజీలు రాశాక కూడా ఇంకా చాల్లేదంటే ఏ పనీ ముందుకెళ్ళదన్న కావనా చిరాకు నాకు అర్థమవుతుంది. కానీ ఈ దారిలో ఒక చిక్కుంది. బావోళ్ళు మేం తవ్వుతామంతే అంటారు, రైలోళ్ళు మేం మోస్తామంతే అంటారు, రిఫైనరీ వాళ్ళు మేం శుద్ధి చేస్తామంతే అంటారు, అందరూ చేతులు దులుపుకున్నాక ఆ పొగ ఎవరి పుస్తకంలోనూ ఉండదు.

లెక్క వదిలేస్తే ఎంత వింతగా ఉంటుందో కూడా అమెరికాలోనే చూడొచ్చు. 2021 నవంబర్‌లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో 8 కోట్ల ఎకరాలు వేలానికి పెట్టారు, లీజ్ సేల్ 257 అంటారు. దాని రిపోర్టు ప్రకారం అసలు వేలం వేయకపోతేనే పొగ ఎక్కువొస్తుందట! ఎలాగంటే ఇక్కడ తవ్వకపోతే బయటి దేశాల నుంచి తెచ్చుకుంటాం కాబట్టి ఆ పొగ కలిపారు, కానీ ధర పెరిగి బయటి దేశాల్లో వాడకం తగ్గేది మాత్రం కలపలేదు. 2022 జనవరిలో జడ్జి రుడాల్ఫ్ కాంట్రెరాస్ ఇది పట్టుకుని వేలం రద్దు చేశారు. సంతోషం ఏడు నెలలే. ఆగస్టులో పార్లమెంటు చేసిన కొత్త చట్టంలో ఆ లీజులు మళ్ళీ మంజూరు చేయాలని రాసేశారు, ఆ చట్టమేంటో తెలుసా, అమెరికా చరిత్రలోనే క్లైమేట్ కోసం పెద్ద ఎత్తున డబ్బు పెట్టిన చట్టం, ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్.

మూడో దారి నేరుగా హక్కులు, అంకెలు పట్టుకోవడం. 2021లో నెదర్లాండ్స్‌లోని హేగ్ జిల్లా కోర్టు షెల్ అనే పెద్ద చమురు కంపెనీని 2030కల్లా 2019తో పోలిస్తే 45 శాతం పొగ తగ్గించమంది, ప్రపంచమంతా హెడ్‌లైన్లు. 2024 నవంబర్‌లో అప్పీల్ కోర్టు ఆ అంకె ఎత్తేసింది, తగ్గించే బాధ్యత ఉంది గానీ ఒక్క కంపెనీకి ఇంత శాతం అని కట్టడానికి తగిన ఆధారం లేదంది. అంకె చెప్పే తీర్పు వినడానికి గొప్పగా ఉంటుంది, పైకోర్టుకెళ్తే ముందు తెగేది ఆ అంకే.

ఇక నార్వేది అన్నిటికంటే తమాషా. బేరెంట్స్ సముద్రంలో లైసెన్సులు రాజ్యాంగానికి విరుద్ధమని పర్యావరణ సంఘాలు వెళ్తే 2020 డిసెంబర్‌లో సుప్రీం కోర్టు కుదరదంది, ఇంకా ఆయిల్ దొరికిందో లేదో కూడా తెలీదు, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఇప్పుడే పొగ లెక్క ఎందుకు, తవ్వే ప్లాన్ ఒప్పుకునేటప్పుడు చూసుకోవచ్చన్నది దాని సారాంశం. సరే అని ఆ స్టేజి దాకా ఆగారు. తీరా బ్రెయిడాబ్లిక్, టిర్వింగ్, ఇగ్‌డ్రాసిల్ అనే మూడు ఫీల్డ్‌ల ప్లాన్లు ఒప్పుకునేటప్పుడు కూడా ఆ లెక్క చేయలేదు, 2024 జనవరిలో ఓస్లో జిల్లా కోర్టు మూడింటి పర్మిషన్లూ చెల్లవంది. అప్పటికి బ్రెయిడాబ్లిక్‌లో ఉత్పత్తి మొదలై మూడు నెలలు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. 2020 నాటి కేసు మీద 2025 అక్టోబర్‌లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు నార్వే తప్పు లేదంటూనే, తవ్వకానికి ముందు కాల్చే పొగ కూడా లెక్క కట్టాల్సిందేనని చెప్పింది, ఓడిపోయినోళ్ళే సంబరపడ్డ తీర్పు అది. అంతకు ముందు జూలైలో అంతర్జాతీయ న్యాయస్థానం కూడా లైసెన్సులివ్వడం ఒక దేశం చేసిన తప్పు కావచ్చని అంది, కాకపోతే అది సలహా మాత్రమే.

ఇన్ని చూశాక నా ఓటు లెక్క అడిగే కోర్టుకే. పదేళ్ళు పోరాడి ఒక రిపోర్టులో రెండు పేజీలు ఎక్కువ రాయించడమేంటి, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అంటారు, ఒప్పుకుంటా. కానీ ఆ రెండు పేజీలు ఉంటే మంత్రి సంతకం పెట్టేటప్పుడు కోటి టన్నులు తెలిసే పెట్టాడని రికార్డుకెక్కుతుంది, తర్వాత మాకు తెలీదని నీళ్ళు నమలడానికి ఉండదు. పైగా జడ్జీలు కూడా అందులో ధైర్యంగా నిలబడగలరు, పాలసీ మా పని కాదు లెక్క మా పని అని. బెంగ ఒక్కటే, టైమింగ్.

రోజ్‌బ్యాంక్ అనే బ్రిటన్ ఆయిల్ ఫీల్డ్ చూడండి, స్కాట్లాండ్‌కి చెందిన షెట్లాండ్ దీవులకి 80 మైళ్ళ దూరంలో నడి సముద్రంలో ఉంది. ఫించ్ తీర్పు చూపించి 2025 జనవరిలో స్కాట్లాండ్ కోర్టులో లార్డ్ ఎరిక్ట్ దాని పర్మిషనూ, షెల్ వాళ్ళ జాక్‌డా గ్యాస్ ఫీల్డ్ పర్మిషనూ చట్టవిరుద్ధమన్నారు, కొత్త నిర్ణయం వచ్చేదాకా ఒక్క చుక్క తీయకూడదన్నారు, కానీ అప్పటిదాకా మిగతా పని మాత్రం చేసుకోవచ్చన్నారు. అంటే ఒకవైపు పొగ లెక్క మళ్ళీ మొదట్నుంచి రాయాలి, ఇంకోవైపు సముద్రంలో పనులు ఆగవు, వేల కోట్లు పెట్టేశాక ఆ లెక్క చూసి వద్దనే మంత్రి ఎంతమంది ఉంటారంటారు?