మానవ ఇంటర్‌ల్యూకిన్-2 వయల్: నల్లగొండ ప్రయోగశాలలో వాడి చూసిన మీదట

మనిషి రక్తంలోని టీ కణాలను (రోగనిరోధక కణాల్లో ఒక రకం) ప్రయోగశాలలో పెంచాలనుకునేవారికి ఇంటర్‌ల్యూకిన్-2 లేనిదే పని సాగదు. 1976లో టీ కణాల వృద్ధి కారకంగా గుర్తించిన ఈ 133 అమైనో ఆమ్లాల ప్రోటీన్‌ను ఇప్పుడు ఎక్కువగా ఈ.కోలై బాక్టీరియాలో తయారుచేసి, తేమ తీసిన పొడిగా అమ్ముతున్నారు. నల్లగొండలోని మా ప్రయోగశాలకు తెప్పించుకున్న 10 మైక్రోగ్రాముల వయల్ (చిన్న మందు సీసా) గురించి రాస్తున్నాను. సరుకు మంచిదే. అయితే ఆ మంచితనం వయల్ మీది బరువులోనో, పెద్ద అక్షరాలతో వేసిన స్వచ్ఛత శాతంలోనో కాక, ఆ లాట్‌తో (ఒకేసారి తయారైన సరుకుతో) వచ్చిన విశ్లేషణ పత్రంలోని, పనితనాన్ని కొలిచే యూనిట్ల లెక్కలో తెలుస్తుంది.

ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి వేరుచేసే జెల్ మీద పదిహేనున్నర కిలోడాల్టన్ల దగ్గర ఒకే గీతగా కనిపించే ప్రోటీన్ కూడా సరిగా మడతపడకపోతే కణాలను కదిలించలేదు. ఈ.కోలై లోపల ఇది సాధారణంగా ముద్దలుగా పేరుకుపోతుంది కనుక, దాన్ని కరిగించి మళ్లీ మడతపడేటట్లు చేయాలి. అప్పుడు 58, 105 స్థానాల్లోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లాల మధ్యనే బంధం ఏర్పడాలి. 125వ స్థానంలోని సిస్టీన్ తప్పు జత కట్టకుండా కొందరు తయారీదారులు అక్కడ సెరీన్ అనే మరో అమైనో ఆమ్లాన్ని పెడతారు. మా వయల్‌లోనూ అదే మార్పు ఉందని పత్రంలో స్పష్టంగా రాయడం నాకు నచ్చింది. సహజ ప్రోటీన్‌కు ఉండే చక్కెర గొలుసు ఇందులో లేకపోయినా పనితనానికి లోటు రాదు.

సీటీఎల్ఎల్-2 అనే ఎలుక టీ కణాల మీద చేసిన పరీక్షను బట్టి పత్రంలో మిల్లీగ్రాముకు కోటి యూనిట్లకు పైగా చూపించారు. కోటి లెక్కనే తీసుకుంటే 10 నానోగ్రాములంటే 100 యూనిట్లు. లాట్ మారితే ఈ లెక్క మారవచ్చు కనుక, మా విద్యార్థులు నోటు పుస్తకంలో నానోగ్రాములతో పాటు యూనిట్లు కూడా రాయాలన్నది నా పట్టుదల. ఫైటోహీమాగ్లుటినిన్ అనే మొక్కల ప్రోటీన్‌తో ఉత్తేజపరిచిన కణాలకు దీన్ని కలిపినప్పుడు గుత్తులు పెద్దవై, కణాలు పెరిగే ద్రవం త్వరగా పసుపు రంగుకు తిరిగింది. ఇంటర్‌ల్యూకిన్-2 (ఐఎల్-2) కలపని ప్లేటు గుంటల్లో కణాలు క్రమంగా తగ్గిపోయాయి.

ఎండోటాక్సిన్ (బాక్టీరియా నుంచి వచ్చే విషపదార్థం) మైక్రోగ్రాముకు 1 ఎండోటాక్సిన్ యూనిట్ లోపు అని పత్రం చెబుతోంది. మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు వాడినప్పుడు అది 0.01 యూనిట్‌ను మించదు, టీ కణాల పనికి ఇబ్బంది లేదు. మోనోసైట్లు, డెండ్రిటిక్ కణాలు అనే ఇతర రోగనిరోధక కణాలతో పనిచేసేవారు మాత్రం ఇంతకంటే తక్కువ పరిమితి ఉన్న లాట్‌నే అడగాలి, ఎందుకంటే ఆ కణాలు అతి కొద్దిపాటి ఎండోటాక్సిన్‌కే స్పందించి, ఫలితాన్ని తారుమారు చేస్తాయి.

నాకు నచ్చనిది రవాణా. హైదరాబాదు నుంచి నల్లగొండకు దూరం పెద్దది కాకపోయినా, వారాంతంలో బయలుదేరిన పెట్టె కొరియర్ గోదాములో ఉండిపోయి, మాకు చేరేసరికి లోపలి జెల్ ఐస్ ప్యాక్ పూర్తిగా కరిగిపోయింది. పొడి రూపంలో ప్రోటీన్ కొద్దికాలం తట్టుకుంటుంది కనుక ఈసారి నష్టం జరగలేదు గాని, మే నెల ఎండల్లో ఆ ధైర్యం చేయకూడదు. వారం మొదట్లోనే పంపమని ఆర్డరులోనే రాయించుకోవడం మేలు.

పొడి కంటికి ఆనదు, మూతకు అంటుకొని ఉండవచ్చు. తెరిచే ముందు సెంట్రిఫ్యూజ్‌లో ఒకసారి తిప్పాలి. ఈ వయల్‌లో తోడు ప్రోటీన్ (అసలు ప్రోటీన్ వృథా కాకుండా కలిపే మరో ప్రోటీన్) కలపలేదు. పత్రంలో చెప్పినట్లు పలుచని ఎసిటిక్ ఆమ్లంలో మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల గాఢతతో కరిగించి, ఆ తరువాత పలుచన చేసేటప్పుడు అల్బుమిన్ అనే తోడు ప్రోటీన్ కలిపితే గొట్టం గోడలకు అంటుకొని వృథా కాదు. చిన్న చిన్న భాగాలుగా పంచి ఫ్రీజర్‌లో పెట్టి, ఒకసారి కరిగించిన భాగాన్ని మళ్లీ గడ్డకట్టించకుండా వాడుకోవాలి. కరెంటు పోయే చోట పెద్ద వయల్ చౌకగా వస్తుందని కొనడం కంటే, ధర కొంత ఎక్కువైనా ఈ చిన్న వయల్‌నే మళ్లీ తెప్పించుకుంటాను.

మరొక మాట. అమెరికాలో 1992లో మూత్రపిండ క్యాన్సర్‌కు అనుమతి పొందిన ఆల్డెస్‌ల్యూకిన్ అనే మందు కూడా ఐఎల్-2 రూపమే అయినా, పరిశోధనకు మాత్రమే అని ముద్రించిన ఈ వయల్‌ను ఎట్టి పరిస్థితిలోనూ మనుషులకు వాడకూడదు.