ఇస్త్రీ పెట్టెతో ఓమ్ నియమం: ఒక ప్లగ్ పవర్ మీటరుపై సమీక్ష

జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తూ, పదో తరగతి పిల్లలకు ఓమ్ నియమాన్ని (ఉష్ణోగ్రత మారనంత వరకు కరెంటు వోల్టేజితో ఒకే నిష్పత్తిలో మారుతుంది, వోల్టేజిని కరెంటుతో భాగిస్తే వచ్చేది నిరోధం) ఏటా బ్యాటరీతో, నిక్రోమ్ తీగతో, అమ్మీటరు, వోల్టుమీటర్లతో చేసి చూపిస్తున్నాను. ప్రయోగం బాగానే జరుగుతుంది కాని, ఆ సూత్రమే తమ ఇంట్లోని ఇస్త్రీ పెట్టెకూ వర్తిస్తుందన్న నమ్మకం పిల్లలకు కలగడం లేదు. అలాగని 230 వోల్టుల సరఫరాకు విడి తీగలు తగిలించి చూపించే సాహసం ఏ ఉపాధ్యాయుడూ చేయకూడదు. అందుకే గోడ సాకెట్టుకూ పరికరం ప్లగ్గుకూ మధ్య అమర్చే చిన్న పవర్ మీటరును 1,150 రూపాయలకు కొని, ఏడాదిగా ఇంట్లోనూ బడిలోనూ వాడుతున్నాను.

దీని తెరపై వోల్టేజి, కరెంటు, వాట్లు, పవర్ ఫ్యాక్టరు (వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేదానిలో నిజంగా ఖర్చయ్యే వాట్ల వంతు), ఖర్చయిన యూనిట్లు ఒకటి తరువాత ఒకటి కనిపిస్తాయి. నిరోధాన్ని మాత్రం ఇది చూపదు. మొదట దాన్ని లోపంగానే భావించాను. వోల్టేజిని కరెంటుతో భాగించే పని పిల్లల చేతికి వచ్చినప్పుడు మాత్రం, బోధనకు ఇదే మేలని అర్థమైంది.

1000 వాట్లని రాసి ఉన్న మా ఇస్త్రీ పెట్టెను ఒక మధ్యాహ్నం దీనికి తగిలిస్తే 221 వోల్టులు, 4.15 ఆంపియర్లు చూపింది. భాగిస్తే నిరోధం 53.3 ఓమ్‌లు, గుణిస్తే సామర్థ్యం 917 వాట్లు వచ్చాయి. తెర మీది వాట్ల అంకె కూడా 917 దగ్గరే నిలిచింది. అదే రోజు రాత్రి, ఊరంతా దీపాలు, మోటార్లు వేసుకున్న వేళ, వోల్టేజి 204కు, కరెంటు 3.83కు పడిపోయాయి. నిరోధం మళ్ళీ 53.3 ఓమ్‌లే వచ్చింది, సామర్థ్యం మాత్రం 781 వాట్లకు దిగింది. వోల్టేజి ఎనిమిది శాతం లోపు తగ్గితే సామర్థ్యం దాదాపు పదిహేను శాతం ఎందుకు తగ్గిందన్న ప్రశ్న ఒక విద్యార్థిని నోట వచ్చింది. వోల్టేజితో పాటు కరెంటు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది కనుక, సామర్థ్యం వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుందని ఆ పిల్ల తానే లెక్క వేసి చెప్పింది. ఆ ఒక్క పూటకే ఈ మీటరు ధర నాకు తీరిపోయింది. ఇస్త్రీ పెట్టె ఎర్రదీపం వెలుగుతున్నప్పుడే అంకెలు రాసుకోవాలన్నది ఇక్కడ మరవకూడదు, ఎందుకంటే వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ఆపగానే కరెంటు సున్నాకు పోతుంది.

పాత 100 వాట్ల ఫిలమెంటు బల్బు మరొక పాఠం నేర్పింది. వెలుగుతున్నప్పుడు 223 వోల్టుల వద్ద 0.43 ఆంపియర్లు, అంటే సుమారు 519 ఓమ్‌లు. అదే బల్బును హోల్డరు నుంచి తీసి, చల్లారిన తరువాత మల్టీమీటరుతో చూస్తే 38 ఓమ్‌లే ఉంది. టంగ్‌స్టన్ తీగ వేడెక్కేకొద్దీ దాని నిరోధం ఇన్ని రెట్లు పెరుగుతుందని పాఠంలో చదివిన పిల్లలు ఆ తేడాను స్వయంగా కొలిచి చూశారు.

9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పినట్టు కనిపిస్తుంది. 224 వోల్టులను 0.07 ఆంపియర్లతో గుణిస్తే 15.7 వస్తుంది, తెరపై ఉన్నది 8.8 వాట్లు. మీటరు చెడిపోలేదు, బల్బులోని ఎలక్ట్రానిక్ భాగం వల్ల కరెంటు వోల్టేజితో కలిసి నడవదు, ఆ తేడానే పవర్ ఫ్యాక్టరు 0.56గా చూపిస్తుంది. హీటర్లకు సరిపోయే సూత్రాన్ని ఇలాంటి పరికరాలకు యథాతథంగా వాడరాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

లోపాలు లేకపోలేదు. ఫోను చార్జరు వంటి చిన్న లోడుకు కరెంటు గడిలో 0.00 అనే చూపుతుంది, కనుక చిన్న పరికరాల నిరోధం దీనితో తేలదు. ఎల్‌ఈడీ బల్బు విషయంలోనూ కరెంటు రెండు దశాంశాలకే ఉండటం వల్ల గుణకారంలో కొంత తేడా సహజం. ప్లగ్గు 16 ఆంపియర్ల పిన్నులది కావడంతో ఇంట్లోని చిన్న సాకెట్లలో పట్టదు. నేను గీజరు కోసం పెట్టిన పెద్ద సాకెట్టును, బడిలో పవర్ సాకెట్టును వాడుకుంటున్నాను. తెరకు వెలుగు లేకపోవడం, సాకెట్టు నేలకు దగ్గరగా ఉన్నచోట టార్చి పట్టుకుని చదవాల్సి రావడం ఇబ్బందే. వ్యవసాయ బావుల త్రీఫేజ్ మోటార్లకు ఇది పనికిరాదు.

యూనిట్ల లెక్కను మాత్రం నమ్మవచ్చు. 219 వోల్టుల వద్ద 6.2 ఆంపియర్లు తీసుకున్న నీళ్ళు కాచే రాడ్డు, 1358 వాట్ల చొప్పున ఇరవై నిమిషాలకు 0.45 యూనిట్లు వాడాలి. మీటరు చూపినదీ అంతే. ఆ రాడ్డు నీటిలో ఉండగా పిల్లలు బకెట్టు దగ్గరికి రాకుండా చూసి, స్విచ్చి ఆపి ప్లగ్గు తీసిన తరువాతే ముట్టనివ్వాలి.