ఎక్సెలా, పవర్ బీఐనా, ఏఐని అడగడమా? మందుల హోల్‌సేల్ లెక్కలకు ఏది మేలు

విజయవాడలో ఒక గోడౌన్, గుంటూరులో ఇంకొకటి అనుకుందాం. ఒక్కో చోట రోజుకు 150 బిల్లులు, బిల్లుకు సగటున 8 లైన్లు. ఊళ్లు తిరిగే రెప్‌లు ఐదుగురు. లెక్కలన్నీ ట్యాలీలో. ఇలాంటి మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గరకు ఇప్పుడు తలా ఒక సలహాతో వస్తున్నారు. అకౌంటెంట్ ఎక్సెల్ చాలంటాడు. బీటెక్ చదివిన మేనల్లుడు పవర్ బీఐ (మైక్రోసాఫ్ట్ వారి రిపోర్ట్, డాష్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్) పెడదాం మామయ్యా అంటాడు. ఇంకెవరో ఫైలు ఏఐకి ఇచ్చి తెలుగులోనే అడిగేస్తే పోలా అంటారు.

మూడూ పనికొచ్చేవే. కానీ వీటిని గ్రాఫుల అందం చూసి ఎంచుకుంటే దెబ్బ తింటాం. "అమ్మకం" అనే మాటకు అర్థం ఎక్కడ రాసి ఉంటుంది, దాన్ని ఎవరు మార్చగలరు అన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి. కాబట్టి పనిముట్ల కంటే ముందు ఆ మాట సంగతి తేల్చాలి.

అమ్మకం అంటే ఏ అంకె?

2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12% నుంచి 5%కి తగ్గింది. లక్ష రూపాయల సరుకు బిల్లు అంతకు ముందు 1,12,000 అయ్యేది, తర్వాత 1,05,000 అయింది. బిల్లు మొత్తాన్నే అమ్మకంగా తీసుకుని ఆగస్టునీ అక్టోబరునీ పక్కపక్కన పెడితే, ఒక్క స్ట్రిప్ కూడా తక్కువ అమ్మకుండానే 6.25% పడిపోయినట్టు కనిపిస్తుంది. ఆ చార్టు చూసి రెప్‌ని నిలదీస్తే అతనేం చెబుతాడు పాపం?

సరే, పన్ను తీసేసి చూద్దాం అనుకుంటే అందులో ఇంకో గుంట ఉంది. బిల్లు మొత్తంలోంచి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం లోపలి అమ్మకం మీద పడే కేంద్ర, రాష్ట్ర పన్నులు) తీసేసే సూత్రం రాస్తారు. విజయవాడ నుంచి తెలంగాణలోని ఖమ్మం వెళ్లే సరుకు మీద పడేది ఐజీఎస్టీ, అంటే రాష్ట్రం దాటే సరుకు మీది పన్ను. ఖమ్మం షాపుల జీఎస్టీఐఎన్ (జీఎస్టీ రిజిస్ట్రేషన్ నంబరు) 36తో మొదలవుతుంది, మనది 37. ఆ బిల్లుల్లో పన్ను తీసివేత జరగదు, ఖమ్మం లైను రెప్ అమ్మకం కాస్త ఉబ్బి కనిపిస్తుంది. తీసివేతల జోలికి పోకుండా పన్నుకు ముందున్న విలువ కాలమ్‌నే నేరుగా తీసుకోవడం మంచిది.

స్కీములు ఇంకొక తలనొప్పి. 10+1 స్కీములో స్ట్రిప్ 50 రూపాయల చొప్పున 100 స్ట్రిప్‌లు అమ్మితే వచ్చేది 5,000, గోడౌన్ దాటేది 110. ఫ్రీ స్ట్రిప్‌లను కూడా అమ్మిన పరిమాణంలో కలిపితే సగటు రేటు 45.45కి దిగుతుంది, రెప్ డిస్కౌంట్లు పంచిపెట్టాడనిపిస్తుంది. ఎక్స్‌పైరీ వాపసులు నెలల తర్వాత క్రెడిట్ నోట్‌గా వస్తాయి. వాటిని వచ్చిన నెలలో తీసేయాలా, అసలు అమ్మిన నెలలోనా? మేమైతే వచ్చిన నెలలోనే తీసేయమంటాం. పాత నెల అంకె ఒకసారి చెప్పాక మళ్లీ మారితే ఇక ఎవరూ ఏ అంకెనూ నమ్మరు.

ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి యజమాని సంతకం పెట్టించండి. అది లేకుండా ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా డబ్బు దండగే.

ఎక్సెల్: పాతదే, కానీ మనం వాడేది పాత పద్ధతిలో

ఎక్సెల్ షీట్‌లో 10,48,576 వరుసలు పడతాయి. పై లెక్కన రోజుకు రెండు గోడౌన్లవీ కలిపి 2,400 లైన్లు, ఏడాదికి 300 రోజులు వేసుకున్నా 7.2 లక్షలు. ఏడాదిన్నర నిండకముందే షీట్ నిండుతుంది. వరుసల పరిమితి కాగితం మీద మాట అనుకోకండి. 2020 అక్టోబరులో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కలోకి ఎక్కకుండా పోయింది పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లో 65,536 వరుసలే పట్టడం వల్ల.

దీనికి మందు ఎక్సెల్‌లోనే ఉంది. ఫైళ్లను తెచ్చి, శుభ్రం చేసి, కలిపే పవర్ క్వెరీ 2016 వెర్షన్ నుంచి అందులోనే వస్తుంది. నెలనెలా ట్యాలీ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసిన సేల్స్ ఫైళ్లను ఒకే ఫోల్డర్‌లో వేయండి. డేటా మెనూలో గెట్ డేటా, ఫ్రమ్ ఫైల్, ఫ్రమ్ ఫోల్డర్, ఆపైన కంబైన్ అండ్ ట్రాన్స్‌ఫామ్. చివర్లో షీట్ మీదికి దింపకుండా కనెక్షన్ మాత్రమే ఎంచుకుని, డేటా మోడల్‌కు (షీట్ వెనక ఉండే డేటా నిల్వకు) కలపండి. అప్పుడు షీట్ వరుసల పరిమితి అడ్డురాదు. వచ్చే నెల ఫైలు ఫోల్డర్‌లో వేసి రిఫ్రెష్ ఆల్ నొక్కితే సరిపోతుంది.

చెడేది ఎక్కడంటే, బ్యాచ్ నంబర్ల దగ్గర. సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ ఫైలును) డబుల్ క్లిక్ చేసి తెరిస్తే "MAR12" లాంటి బ్యాచ్ మార్చి 12 తేదీ అయిపోతుంది. అంకెల మధ్య ఇంగ్లిష్ అక్షరం "E" ఉన్న బ్యాచ్ పెద్ద సంఖ్యగా మారిపోతుంది. సేవ్ కొట్టారా, అసలు నంబరు ఇక దొరకదు. ఈ బాధ పడలేకే 2020లో శాస్త్రవేత్తలు కొన్ని మానవ జన్యువుల పేర్లనే మార్చుకున్నారు. పవర్ క్వెరీతో తెరిచినా పూర్తి రక్షణ లేదు. అది సీఎస్‌వీలో మొదటి 200 వరుసలు చూసి కాలమ్ రకం ఊహిస్తుంది. ఆ 200లో బ్యాచ్‌లన్నీ అంకెలే ఉంటే కాలమ్‌ని సంఖ్య అనేసుకుంటుంది, 201వ వరుసలో అక్షరం రాగానే ఎర్రర్, లోడ్ అయ్యాక ఖాళీ గడి. "చేంజ్‌డ్ టైప్" అనే స్టెప్ దానంతటదే పడుతుంది. దాన్ని తీసేసి బ్యాచ్, జీఎస్టీఐఎన్, ఫోన్, పార్టీ కోడ్ కాలమ్‌లను టెక్స్ట్‌గా మీరే పెట్టండి. తేదీకి మాత్రం "యూజింగ్ లొకేల్"లో ఇంగ్లిష్ ఇండియా ఎంచుకోండి. లేదంటే అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌లో 05-04 ఏప్రిల్ 5 కాకుండా మే 4 అవుతుంది, 13వ తేదీ నుంచి ఎర్రర్లు వస్తాయి. సగం నెల బాగుండి సగం నెల ఖాళీగా ఉన్న రిపోర్ట్ చూస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఎక్సెల్‌కు అసలు లోపం గోప్యత. రెప్‌కు తన లైను పివట్ టేబుల్ (డేటాను కూడి చూపే సారాంశ పట్టిక) ఒక్కటే ఉంచి, మిగతా షీట్లు డిలీట్ చేసి వాట్సాప్‌లో పంపుతారు. డేటా ఆ పివట్ వెనక క్యాష్‌లో, అంటే ఫైలులో దాగిన నకలులో, అలాగే ఉంటుంది. ఫిల్టర్ తీసి మొత్తం మీద డబుల్ క్లిక్ చేస్తే అందరి పార్టీలు, అందరి రేట్లు కొత్త షీట్‌లో పరుచుకుంటాయి. ఆ రెప్ వచ్చే నెల పోటీ డిస్ట్రిబ్యూటర్ దగ్గర చేరడని గ్యారంటీ ఏముంది? పంపాల్సి వస్తే వాల్యూస్‌గా పేస్ట్ చేసి పంపండి, లేదా పీడీఎఫ్.

పవర్ బీఐ: ఎవరి లైను వాళ్లకే

2015లో అందరికీ అందుబాటులోకి వచ్చిన పవర్ బీఐ ఇప్పుడు మైక్రోసాఫ్ట్ ఫ్యాబ్రిక్ అనే పెద్ద గొడుగు కింద ఉంది. డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ ఉచితం, విండోస్ మీదే నడుస్తుంది. పంచుకోవాలంటే మాత్రం డబ్బు. 2025 ఏప్రిల్ నుంచి ప్రో లైసెన్స్ తలకు నెలకు 14 డాలర్లు, అంతకు ముందు 10 ఉండేది. తయారుచేసేవాడికే కాదు, చూసేవాడికీ కావాలి. యజమాని, అకౌంటెంట్, ఐదుగురు రెప్‌లు అంటే నెలకు 98 డాలర్లు, పైన 18% జీఎస్టీ. జీమెయిల్ చిరునామాతో ఖాతా తెరవనివ్వదు, ఆఫీసు (వర్క్) ఖాతా మెయిల్ ఉండాలి.

ఆ డబ్బుకు వచ్చే అసలు సుఖం రెండు. అమ్మకం సూత్రాన్ని మెజర్‌గా (పేరు పెట్టి దాచుకునే లెక్కగా) ఒక్కచోట రాస్తే అన్ని పేజీలూ దాన్నే వాడతాయి. రెండోది, వరుస స్థాయి భద్రత. రెప్ మెయిల్‌నూ లైన్‌నూ కలిపే చిన్న టేబుల్ పెట్టి రోల్ (ఎవరు ఏ వరుసలు చూడాలో చెప్పే నియమం) రాస్తే, ఒకే రిపోర్ట్‌లో ఎవరి లైను వాళ్లకే కనిపిస్తుంది. ఇక్కడే చాలామంది జారిపడతారు: ఈ కట్టడి వ్యూయర్‌గా ఉన్నవాళ్లకే పనిచేస్తుంది. సులువని రెప్‌లను వర్క్‌స్పేస్‌లో (రిపోర్ట్‌లు ఉంచే ఉమ్మడి చోట) మెంబర్‌గానో కంట్రిబ్యూటర్‌గానో చేరిస్తే అందరికీ అంతా కనిపిస్తుంది. ఒక రెప్ లాగిన్‌తో స్వయంగా తెరిచి చూసేదాకా పని అయినట్టు కాదు. అలాగే "పబ్లిష్ టు వెబ్" మీట జోలికి పోవద్దు, అది ప్రపంచానికంతా తెరిచిపెడుతుంది.

రిఫ్రెష్ సంగతి చూద్దాం. ప్రోలో రోజుకు 8 సార్లు. ఫైలు ఆఫీసు కంప్యూటర్‌లో ఉంటే గేట్‌వే (దాన్ని ఆన్‌లైన్ పవర్ బీఐకి కలిపే ప్రోగ్రామ్) కావాలి, ఆ కంప్యూటర్ నిద్రపోకుండా ఉండాలి. ట్యాలీకి నేరుగా ఓడీబీసీ అనే డేటా కనెక్షన్‌తో కడితే ఆ వేళకు ట్యాలీ తెరిచి, కంపెనీ లోడ్ అయి ఉండాలి. పొద్దున్న 6 గంటలకు షెడ్యూల్ పెడతారు, ట్యాలీ తెరిచేది 9:30కి. వరుసగా నాలుగు సార్లు ఫెయిలైతే షెడ్యూల్ దానంతటదే ఆగిపోతుంది, డాష్‌బోర్డ్ మాత్రం పాత అంకెలతో నిక్షేపంగా మెరుస్తూ ఉంటుంది. అందుకే మొదటి పేజీలోనే "చివరి బిల్లు తేదీ" కార్డు పెద్ద అక్షరాల్లో పెట్టండి. ఇంత చిన్న వ్యాపారానికి నేరు కనెక్షన్ కంటే, రాత్రి మూసేముందు ఎక్స్‌పోర్ట్ చేసి కంపెనీ వన్‌డ్రైవ్ లేదా షేర్‌పాయింట్ ఫోల్డర్‌లో వేయడం నయం. అప్పుడు గేట్‌వే అక్కర్లేదు.

ఆర్థిక సంవత్సరం కూడా చూసుకోవాలి. పవర్ బీఐ తనంతట తాను తయారుచేసే తేదీల వరసలో మొదటి క్వార్టర్ జనవరి నుంచి మార్చి. ఆ ఆటో సెట్టింగ్ ఆపేసి, ఏప్రిల్‌తో మొదలయ్యే తేదీల టేబుల్ విడిగా కట్టుకోవాలి.

గూగుల్ వారి రిపోర్ట్ పనిముట్టు లుకర్ స్టూడియో ఉచితం కదా అంటారా? అమ్మకాలు ఇప్పటికే గూగుల్ షీట్స్‌లో ఉంటే, లేదా గూగుల్ ప్రకటనల లెక్కలు చూడాలంటే భేష్. ట్యాలీ వాళ్లకు అంత నప్పదు. గూగుల్ షీట్‌కు కోటి గడులు పరిమితి, 20 కాలమ్‌లైతే 5 లక్షల వరుసలు, అంటే మన ఏడాది డేటాయే పట్టదు. రెండు మూడు టేబుళ్లు కలిపినప్పుడు ఆ కలయికను రిపోర్ట్ రిపోర్ట్‌కూ చూసుకోవాల్సి రావడం ఇంకో విసుగు.

ఏఐని తెలుగులో అడగడం

కొత్త మోజు ఇదే, మోజుకు తగ్గ పని కూడా ఉంది. ఫైలు అప్‌లోడ్ చేసి "ఏ మందు అమ్మకం పడిపోయింది?" అంటే అది లోపల కోడ్ రాసి, నడిపి, జవాబు చెబుతుంది. చిక్కు కోడ్‌లో తక్కువ, మాటలో ఎక్కువ. "పోయినేడు" అంటే జనవరి నుంచి డిసెంబరా, ఏప్రిల్ నుంచి మార్చా? "వసూలైంది" అంటే చెక్కు చేతికొచ్చిందా, బ్యాంకులో పాసైందా? కౌంటర్‌లో కుర్రాడైతే తిరిగి అడుగుతాడు. ఏఐ చాలాసార్లు అడగకుండా ఏదో ఒకటి అనుకుని, తడబాటు లేకుండా చెప్పేస్తుంది.

అతి మామూలుగా జరిగే తప్పు మొత్తం రెట్టింపు కావడం. ట్యాలీ రిపోర్ట్ అడుగున గ్రాండ్ టోటల్ వరుస ఉంటుంది. దాన్ని కూడా ఒక బిల్లుగా లెక్కేస్తే 40 లక్షల నెల 80 లక్షలవుతుంది. రెట్టింపు కాబట్టి ఇట్టే పట్టుకుంటాం. మధ్యలో అక్కడక్కడా సబ్‌టోటళ్లు ఉంటే పెరిగేది కొంచెమే, అదే ప్రమాదం. ఇచ్చేముందు టోటల్ వరుసలన్నీ తీసేయండి. వాడిన కోడ్ చూపించమనండి, ఎన్ని వరుసలు లెక్కలోకి తీసుకుందో అడగండి. మీకు ముందే తెలిసిన ఒక నెల అంకెను మొదటి ప్రశ్నగా వేయండి. అది తప్పితే మిగతా జవాబులు చదవనక్కర్లేదు.

పార్టీల పేర్లు, ఫోన్లు తీసేసి కోడ్‌లు మాత్రమే ఇవ్వండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. షాపు యజమాని సొంత ఫోన్ నంబరు వ్యక్తిగత డేటాయే.

పవర్ బీఐలోనే మైక్రోసాఫ్ట్ ఏఐ కోపైలట్ ఉంది కదా అంటే, ఉంది, ప్రో లైసెన్స్ ఒక్కటే ఉంటే రాదు. ఫ్యాబ్రిక్ కెపాసిటీ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో అద్దెకు తీసుకునే కంప్యూటింగ్ శక్తి) విడిగా కొనాలి. దానికో మేలు కూడా ఉంది: మోడల్‌లో మీరు రాసిన అమ్మకం మెజర్ ఉంటే దాన్ని పట్టుకుని జవాబు చెప్పగలదు. మెజర్లకు అర్థమయ్యే పేర్లు, కింద వివరణలు రాసిన మోడల్ మీద బాగా పనిచేస్తుంది, "కాలమ్7" లాంటి పేర్ల మీద తడుముకుంటుంది.

మరి ఏది?

చూసేది యజమాని, అకౌంటెంట్ ఇద్దరే అయితే ఎక్సెల్, పవర్ క్వెరీ. ఎక్సెల్ ఇప్పటికే ఉంటే అదనంగా రూపాయి ఖర్చు లేదు. రెప్‌లు తమ ఫోన్‌లో తమ బాకీలు చూసుకోవాలన్న రోజున పవర్ బీఐ, అంతకు ముందు రోజు కాదు. ఏఐని ఈ రెండింటికీ బదులుగా పెట్టుకోవద్దు. లెక్క కుదిరిన ఫైలు మీద "ఇంకేం చూడాలి" అని వెతకడానికి వాడుకోండి. క్షణక్షణం మారే లైవ్ డాష్‌బోర్డ్ అమ్మజూపేవాళ్లు కూడా తగులుతారు. వాళ్లను ఒక్క మాట అడగండి: మధ్యాహ్నం 2:10కి అంకె మారితే 2:15కి మనం చేసే పని ఏమిటి? మందుల హోల్‌సేల్‌లో స్టాక్ ఉందా లేదా అన్నది తప్ప అంత తొందర పడాల్సిన అంకె లేదు, ఆ స్టాక్ ట్యాలీలోనే కనిపిస్తుంది.

ఎక్సెల్‌తో మొదలుపెట్టి తర్వాత మారితే చేసిన పని వృథా అవుతుందన్న బెంగ వద్దు. పవర్ బీఐ డెస్క్‌టాప్‌లో ఫైల్, ఇంపోర్ట్ కింద ఎక్సెల్‌లోని పవర్ క్వెరీని, పవర్ పివట్‌ను (డేటా మోడల్‌ను) తెచ్చుకునే దారి ఉంది. ఫోల్డర్ కలపడం, టైప్‌లు సరిచేయడం, టోటల్ వరుసలు తీసేయడం, ఆ స్టెప్పులన్నీ వెంట వస్తాయి. వచ్చాక ఒక్క ఫోల్డర్ దారి మార్చి, గత మూడు నెలల అమ్మకాన్ని ట్యాలీ సేల్స్ రిజిస్టర్‌తో పైసాతో సహా సరిపోల్చి, ఆ తర్వాతే రెప్‌లకు లింక్ ఇవ్వండి.