జాగ్రత్త: డుబ్రోవ్నిక్ వేసవి నాటకం పేరుతో అంటగడుతున్న కోట టికెట్లు

క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్‌లో ఏటా జూలై 10 నుంచి ఆగస్టు 25 వరకు జరిగే వేసవి ఉత్సవాలకు వెళ్లదలచినవారు, ముఖ్యంగా లోవ్రియెనాత్స్ కోటలో నాటకం చూడాలని ఆశపడేవారు, టికెట్టు కొనే ముందు ఇది చదవవలసిందిగా కోరుతున్నాను. నేనూ మా ఆవిడా 190 యూరోలు పోగొట్టుకున్న తరువాత రాస్తున్న సంగతి ఇది.

1950లో మొదలైన ఈ ఉత్సవాలకు ఆ పాతపట్టణమే రంగస్థలం. ఒకప్పటి నగరపాలకుడి నివాసమైన రెక్టార్ ప్రాసాదంలో, మన మండువా లోగిలిని తలపించే నడిమి వాకిట్లో సంగీత కచేరీలు జరుగుతాయి. సముద్రపు అంచున బండ మీద నిలిచిన లోవ్రియెనాత్స్‌లో ఆడే ‘హామ్లెట్’ 1950ల నుంచీ పేరు మోసింది. అయితే అదే కోట పగటిపూట మామూలు సందర్శనస్థలం, నగర ప్రాకారం ఎక్కడానికి కొన్న టికెట్టుతోనే అందులోకీ వెళ్లి రావచ్చు. ఈ సంగతి ముందుగా తెలియకపోవడమే మా కొంప ముంచింది.

మేము కొన్నది ఒక మధ్యవర్తి సైటులో. ప్రకటనలో కాగడాల వెలుగులో నటుల బొమ్మ ఉంది, పైన ‘లోవ్రియెనాత్స్ సాంస్కృతిక అనుభవం, వేసవి ఉత్సవాల కాలం’ అని ఉంది. ఇప్పుడు తీరిగ్గా చదివితే అందులో నాటకం అన్న మాట ఎక్కడా లేదు. ఉత్సవాల ‘కాలం’ అన్నారే తప్ప ఉత్సవాల టికెట్టు అనలేదు. అబద్ధం ఆడకుండానే మోసం చేయడంలో ఆ రాతగాడి నేర్పును మెచ్చుకోవలసిందే.

రాత్రి తొమ్మిది దాటాక మెట్లెక్కి కోట ద్వారం దగ్గరికి చేరాము. అక్కడి అమ్మాయి మా ఫోనులోని కోడ్‌ను స్కాన్ చేసింది, ఎర్రగా వచ్చింది, మళ్లీ చేసింది, మళ్లీ ఎరుపే. అప్పుడు ఆమె తెరను వేళ్లతో పెద్దది చేసి, కోడ్ కింద బూడిదరంగులో ఉన్న చీమతలకాయంత అక్షరాలు చూపించింది: ‘పగటి ప్రవేశం మాత్రమే’. మా వెనకాలవారి టికెట్ల మీద నాటకం పేరు, వేళ, వరుస, కుర్చీ అంకె స్పష్టంగా ఉన్నాయి. సర్వ ప్రపంచపు బంగారానికైనా స్వేచ్ఛను అమ్ముకోవడం తగదని ఆ ద్వారం మీదే లాటిన్‌లో చెక్కి ఉంటుంది. దాని కిందే నిలబడి మేము మా బేరం గురించి ఆలోచించుకున్నాము. లోపలినుంచి చప్పట్లు వినపడుతుండగా మెట్లు దిగాము.

రిఫండ్ అడిగితే, ‘మీరు కొన్న సేవ అందుబాటులోనే ఉంది, పగలు వెళ్లకపోవడం మీ ఇష్టం’ అని రెండు వాక్యాలలో తేల్చేశారు.

కాబట్టి టికెట్లను ఉత్సవ నిర్వాహకుల దగ్గరే కొనండి. వేరేచోట కొనక తప్పకపోతే, డబ్బు కట్టే ముందే ప్రదర్శన పేరు, రాత్రి వేళ, కుర్చీ అంకె ఈ మూడూ కనిపిస్తున్నాయో లేదో చూడండి. ‘ఉత్తమ స్థానం’ వంటి మాటలకు విలువ లేదు. ఆ తేదీన ఆ వేదిక మీద నిజంగా ప్రదర్శన ఉందో లేదో అధికారిక కార్యక్రమ పట్టికతో సరిచూసుకోండి. పాతపట్టణపు పడమటి ప్రవేశమైన పీలె ద్వారం పక్కనున్న సెయింట్ సేవియర్ చర్చి వంటి చోట్ల వేరేవారు జరిపే చిన్న కచేరీలూ ఉంటాయి. అవి మోసం కాదు, బాగానే ఉంటాయి. అయితే అవి ఉత్సవాలలో భాగమనుకుని కొనవద్దు.

ఇంకొకటి, ప్రకటన పేజీని కొన్న రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. కార్డు చెల్లింపుపై నేను బ్యాంకులో ఫిర్యాదు చేసేసరికి ఆ కాగడాల బొమ్మ తీసేసి, మిట్టమధ్యాహ్నపు కోట బొమ్మ పెట్టారు. ధర మాత్రం అదే ఉంది.