ద్వాదశాదిత్య కాలచక్రం: కొనేముందు ఆశ్వయుజం, మాఘం తిప్పి చూడండి

అరసవల్లి గుడి చుట్టుపక్కల పూజాసామాన్ల కొట్లలో, ఆదిత్యహృదయం పుస్తకాల పక్కన, ఈమధ్య ఒక తిప్పుడు పటం కనిపిస్తోంది. 18 అంగుళాల చదరపు పలక. పైన ఏడుగుర్రాల రథం మీద సూర్యుడు, నడిమధ్య రథచక్రం, దాని కింద ముక్కోణపు కిటికీ. వెనక దాగిన బిళ్లను కుడిపక్క గంటులోంచి వేలితో తోస్తే కిటికీలో నెల మారుతుంది, ఆ నెల పేర్లు ఏడు వరుసల్లో కనిపిస్తాయి. ధర 450 రూపాయలు. ఆదివారం రద్దీలో బేరమాడినా దండగే. వారం మధ్యలో అడిగితే 400కి దిగుతారు. ఆలోచనకు అయిదుకు అయిదు మార్కులు వేయొచ్చు, అచ్చుకు మాత్రం రెండున్నర మించి పడవు.

ముందు ఆ ఏడు వరుసలేమిటో తెలియాలి, లేకపోతే పటం ఎంత ముద్దొచ్చినా ఉపయోగం లేదు. భాగవతం 12వ స్కంధం 11వ అధ్యాయం ప్రకారం సూర్యుడి నడక ఒంటరి ప్రయాణం కాదు. నెలకొక ఆదిత్యుడు. ఆయనతోపాటు ఒక ఋషి, గంధర్వుడు, అప్సరస, నాగుడు, యక్షుడు, రాక్షసుడు. ఎవరి పని వాళ్లది. ఋషి వేదమంత్రాలతో స్తుతిస్తాడు. గంధర్వుడు పాడతాడు, అప్సరస రథం ముందు ఆడుతుంది. నాగుడు రథాన్ని బిగించి కడతాడు. యక్షుడు దాన్ని పూన్చి సిద్ధం చేస్తాడు. రాక్షసుడు వెనకనుంచి తోస్తాడు. నెల తిరగగానే ఏడుగురూ దిగిపోతారు, కొత్త ఏడుగురు ఎక్కుతారు. ఏడాదికి 84 వంతులు. ఆర్టీసీ డిపో గోడకు డ్యూటీ చార్టు అంటించినట్టు ఈ లెక్కనంతా ఒక బిళ్ల మీదికి తేవడమే ఈ పటం చేసిన గొప్ప పని. ద్వాదశాదిత్యుల పటాలు బజారులో చాలానే ఉన్నాయి కానీ, పన్నెండు బొమ్మలు వరుసగా వేసి, కింద పేర్లు రాసి వదిలేస్తారు. మిగతా ఆరుగురి ఊసే ఉండదు.

వంతులతో మారనివాళ్లూ ఉన్నారు. సారథి అరుణుడు, గాయత్రి, బృహతి, ఉష్ణిక్కు, జగతి, త్రిష్టుప్పు, అనుష్టుప్పు, పంక్తి అని ఛందస్సుల పేర్లున్న ఏడు గుర్రాలు, బొటనవేలి కణుపంత ఒడ్డూపొడుగూ ఉండే 60,000 మంది వాలఖిల్యులు. ఈ వాలఖిల్యులు సూర్యుడి ముందు, ఆయనకే ముఖం పెట్టి స్తుతిస్తూ సాగుతారు, అంటే వెనక్కి అడుగులు వేస్తూ పోవాలన్నమాట. పటంలో వాళ్లను గుర్రాల ముందు చుక్కల బారుగా వేశారు. భూతద్దం పెట్టి చూస్తే ప్రతి చుక్కకూ ముఖం సూర్యుడివైపే ఉంది. ఇంత శ్రద్ధ చూపినవాళ్లు పేర్ల దగ్గర ఎలా తప్పారో!

ఈ వ్యవస్థలో మంచివాళ్లు, చెడ్డవాళ్లు అని వేరుచేయడం లేదు. జ్యేష్ఠంలో రథం కట్లు బిగించే నాగుడు తక్షకుడు. అదే 12వ స్కంధంలో, అయిదు అధ్యాయాల ముందు, పరీక్షిత్తును కాటువేసినవాడూ అతడే. చైత్రంలో రథం తోసే హేతి, వైశాఖంలో తోసే ప్రహేతి, ఇద్దరూ రాక్షసులే. బలం ఉంది కాబట్టి తోసే పని వాళ్లది. విష్ణుపురాణంలో సంధ్యవేళ సూర్యుడి మీదికి వచ్చే మందేహులు వేరు. వాళ్లు వరుసలో లేని రాక్షసులు, అర్ఘ్యజలంతో తోలేయాల్సినవాళ్లు. బొమ్మ గీసినవాళ్లు ఈ రెండు రకాల రాక్షసుల్నీ కలిపేశారు. రథం వెనక రాక్షసుడి చేతిలో ఎత్తిన గద పెట్టారు. అతడి రెండు చేతులూ రథం మీద ఉండాలి.

అరుణుడి బొమ్మ ఇంకా పెద్ద తప్పు. వినత తొందరపడి గుడ్డు చిదపడం వల్ల తొడలు లేకుండా పుట్టాడు, అందుకే అనూరుడయ్యాడు. అరసవల్లి మూలవిరాట్టు దగ్గర సారథిని చెప్పేటప్పుడు కూడా అనూరుడనే అంటారు. పటంలో మాత్రం నిండు కాళ్లతో పీట మీద కూర్చోబెట్టారు. నడుముదాకా వేస్తే చాలు. సూర్యుడి విగ్రహం వరకు బాగానే అనుకరించారు. రెండు చేతుల్లో తామరమొగ్గలు, భార్యలు ఉష, పద్మ, ఛాయ, కింద ద్వారపాలకులు పింగళుడు, దండుడు, పైన గొడుగు పట్టిన సనక సనందులు, అన్నీ ఉన్నాయి.

చక్రం కూడా సరిగ్గా కుదిరింది. భాగవతం 5వ స్కంధం సంవత్సరాన్నే ఒంటిచక్రం అంటుంది: నెలలు పన్నెండు ఆకులు (చక్రపు చువ్వలు), ఋతువులు ఆరు పట్టీలు, చాతుర్మాస్యాలు మూడు నాభులు. విష్ణుపురాణం అయిదాకుల చక్రం చెబుతుంది. బజారు పటాలు మాత్రం ఏ పురాణమూ చూడకుండా కోణార్క చక్రాన్ని, ఎనిమిది లావు ఆకులు, ఎనిమిది సన్న ఆకులతో, దించేస్తాయి. ఇందులో పన్నెండే వేశారు. పక్కన చిన్నక్షరాల్లో రథవేగం '34,00,800 యోజనాలు, గంటకు' అని అచ్చయింది. అక్కడ గంట కాదు, ముహూర్తం ఉండాలి. అంటే 48 నిమిషాలు.

ఇక అసలు గొడవ. నెలల పట్టిక భాగవతంలో ఒకరకం, విష్ణుపురాణం రెండో అంశం 10వ అధ్యాయంలో ఇంకోరకం. చైత్రం నుంచి భాద్రపదం దాకా ఆదిత్యుల విషయంలో రెండూ ఒక్కటే: ధాత, అర్యముడు, మిత్రుడు, వరుణుడు, ఇంద్రుడు, వివస్వంతుడు. మార్గశిరానికి అంశువు, పుష్యానికి భగుడు, అక్కడా తేడా లేదు. మిగిలిన నాలుగు నెలల్లో తారుమారు. విష్ణుపురాణంలో ఆశ్వయుజం పూషుడిది, కార్తికం పర్జన్యుడిది, మాఘం త్వష్టది, ఫాల్గుణం విష్ణువుది. భాగవతం ఈ రెండు జంటలనూ అటుదిటు చేసింది. ఆశ్వయుజానికి త్వష్ట, కార్తికానికి విష్ణువు, మాఘానికి పూషుడు, ఫాల్గుణానికి పర్జన్యుడు. ఏ పట్టిక తీసుకున్నా తప్పు కాదు. పటం వాళ్లు ఆశ్వయుజ, కార్తికాలను విష్ణుపురాణం నుంచి, మాఘ, ఫాల్గుణాలను భాగవతం నుంచి తీశారు. ఫలితం: పూషుడు, పర్జన్యుడు రెండేసిసార్లు వచ్చారు, త్వష్ట, విష్ణువు ఎక్కడా లేరు. పైన 'ద్వాదశాదిత్య' అని బంగారు రంగు అక్షరాలు, లోపల లెక్కపెడితే పదిమంది. వాళ్లతోపాటే గౌతముడికి, భరద్వాజుడికి డబుల్ డ్యూటీ పడింది, జమదగ్ని, విశ్వామిత్రుడు సెలవులో ఉన్నారు.

దిద్దుకోవడం సులువే. రెండు నెలల పేర్లు మారిస్తే పటమంతా భాగవతం లెక్కకు వచ్చేస్తుంది. పైనుంచి కిందికి వరుస ఇది. ఆశ్వయుజం: త్వష్ట, జమదగ్ని, ధృతరాష్ట్రుడు, తిలోత్తమ, కంబలుడు, శతజిత్తు, బ్రహ్మాపేతుడు. కార్తికం: విష్ణువు, విశ్వామిత్రుడు, సూర్యవర్చసుడు, రంభ, అశ్వతరుడు, సత్యజిత్తు, మఖాపేతుడు. వరుస ఎత్తు సెంటీమీటరున్నర. కిటికీ పైన ఇరుకు, కింద వెడల్పు కాబట్టి పై వరుస చీటీ నాలుగు సెంటీమీటర్లు మించకూడదు, అట్టడుగుది తొమ్మిది దాకా పట్టొచ్చు. మామూలు కాగితం అంటిస్తే బిళ్ల తిప్పినప్పుడు అంచు లేస్తుంది. డీటీపీ సెంటర్‌లో పలుచటి స్టిక్కర్ షీటు మీద తీయించి, నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించండి.

ఇలా దిద్దాక రంభ రెండుసార్లు కనిపిస్తుంది, ఆషాఢంలో ఒకసారి, కార్తికంలో ఒకసారి. కంగారుపడి మార్చకండి, భాగవతంలోనే అలా ఉంది. ఫాల్గుణంలో అప్సరస వరుసలో సేనజిత్తు అన్న పేరు కూడా అంతే, అచ్చుతప్పు కాదు. నిజమైన అచ్చుతప్పులు వేరే ఉన్నాయి. పాత 'అను' అనే డీటీపీ ఫాంటులోంచి యూనికోడ్‌కు మార్చేటప్పుడు వత్తులు రాలిపోయినట్టున్నాయి. పూర్వచిత్తి 'పూరచితి' అయింది, పుంజికస్థలి 'పుంజికసలి' అయింది. సన్న మార్కర్‌తో వత్తు పెట్టుకోవచ్చు.

ఎప్పుడు తిప్పాలన్నది పటం మీద ఎక్కడా రాయలేదు. రెండు దారులున్నాయి. సంక్రమణం నాడు తిప్పడం ఒకటి. ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఒడియా పంజిక (పంచాంగం) చూసే ఇళ్లలో ఇదే సహజం. మేషసంక్రమణం జరిగే చాంద్రమాసమే చైత్రం కాబట్టి మేషానికి చైత్రం పెట్టుకుని, ఆ వరుసనే పోవాలి. ఈ పద్ధతిలో అధికమాసం బెడద లేదు. ఇబ్బంది రథసప్తమి దగ్గర వస్తుంది. 2025లో ఫిబ్రవరి 4న, 2026లో జనవరి 25న వచ్చింది, రెండుసార్లూ సూర్యుడు మకరంలోనే ఉన్నాడు. అంటే ఇంట్లో జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని మాఘస్నానం చేస్తుంటే పటం మాత్రం పుష్యమాసపు భగుణ్ణి చూపిస్తూ ఉంటుంది.

రెండోది, అమావాస్య మర్నాడు పాడ్యమికి తిప్పడం. తెలుగు పంచాంగం చూసే ఇళ్లకు ఇదే మేలు. దీనికి అధికమాసం అడ్డొస్తుంది. ఈ పరాభవ సంవత్సరంలో అధిక జ్యేష్ఠం 2026 మే 17న మొదలవుతుంది, నిజ జ్యేష్ఠం జులై 14 దాకా ఉంటుంది. ఆ రెండు నెలలూ మిత్రుడి దగ్గరే ఆపాలి, నిజ జ్యేష్ఠ పాడ్యమికి మళ్లీ తిప్పేస్తే మిగతా ఏడాదంతా ఒక నెల ముందుకు పరిగెత్తుతుంది. అధికమాసానికి పురుషోత్తముడు అధిపతి అంటారు కాబట్టి ఆ నెలకు విడి చీటీ పెట్టుకుంటామన్నా అభ్యంతరం లేదు. పన్నెండు నెలలతోపాటు పైన పుట్టే నెల కూడా వరుణుడికి తెలుసని ఋగ్వేదం మొదటి మండలంలోనే ఉంది, పటం వాళ్లకే పదమూడోది తట్టలేదు.

పటం అంచున మార్చి 9, 10, 11, అక్టోబరు 1, 2, 3 తేదీలు అచ్చువేశారు, అరసవల్లిలో కిరణాలు స్వామి పాదాలను తాకే రోజులని. తేదీలు వేయడం మంచిదే, అక్టోబరు తేదీల పక్కన 'ఆశ్వయుజం' అని రాయడం మంచిది కాదు. మార్చి 10 విషువత్తుకు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకు) సుమారు పది రోజుల ముందు, అక్టోబరు 2 విషువత్తు దాటిన సుమారు పది రోజులకు. రెండుసార్లూ సూర్యుడు తూర్పుదిక్కుకు కాస్త దక్షిణంగా దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు. ఇది సూర్యగతి లెక్క, చాంద్రమాసంతో కట్టుబడదు. 2025లో అక్టోబరు 2 విజయదశమి, ఆశ్వయుజమే. 2026లో అదే తేదీ భాద్రపద బహుళంలో పడుతుంది, అప్పుడు కిటికీలో వివస్వంతుడు ఉంటాడు.

సరుకు నాణ్యత మధ్యరకం. పలకలు ఎండీఎఫ్ (చెక్కపొట్టు అదిమి చేసిన అట్ట), మీద వినైల్ స్టిక్కర్. బిళ్లకు ఇరుసు చక్రం మధ్యలోని ఆరు మిల్లీమీటర్ల బోల్టు. కోసిన అంచులకు ఏ పూతా లేదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, ముఖ్యంగా ముసురు రోజుల్లో, ఆ అంచులు తేమ పీల్చి ఉబ్బుతాయి, బిళ్ల పట్టేస్తుంది. బలవంతంగా తోస్తే స్టిక్కర్ చిరుగుతుంది. కొన్న వెంటనే బోల్టు విప్పి, అంచులన్నిటికీ క్లియర్ వార్నిష్ రెండు పూతలు వేయండి. ఒక్కో పూత రాత్రంతా ఆరనివ్వాలి. బిళ్లకు అటూఇటూ ఒక్కో నైలాన్ వాషర్ పెట్టి, నట్టు బిగించాక అరచుట్టు వెనక్కి వదలండి. బిళ్ల అంచుకు కొవ్వొత్తి రాస్తే ఇంకా తేలిగ్గా తిరుగుతుంది. నూనె మాత్రం వద్దు, ఎండీఎఫ్ తాగేస్తుంది.

ఎండ నేరుగా పడే గోడకు తగిలించకండి. ఈ రకం అచ్చులో ఎరుపు, పసుపు ముందు వెలుస్తాయి, నీలం మిగులుతుంది. సూర్యుడు కాస్తా నీలమేఘశ్యాముడవుతాడు. దీపం పైన కూడా వద్దు. వెనక ఒకే కొక్కెం ఉంది, బిళ్ల తోసినప్పుడల్లా పటం పక్కకు ఒరుగుతుంది. కింది రెండు మూలల్లో రెండువైపులా అంటుకునే టేపు ముక్కలు వేస్తే కదలదు.

పిల్లలకు నెలల పేర్లు నేర్పడానికి, పురాణం చెప్పేవాళ్లు పక్కన పెట్టుకోవడానికి 400కి నష్టం లేదు. పూజలో పెట్టి ద్వాదశనామాలు చదువుకోవాలనుకుంటే దిద్దకుండా వాడకండి. డబ్బులిచ్చే ముందు కొట్లోనే బిళ్ల ఒక చుట్టు పూర్తిగా తిప్పండి. ఆశ్వయుజంలోనూ మాఘంలోనూ పూషుడే కనిపిస్తే పాత అచ్చే అని గుర్తు. తేలిగ్గా తిరిగే పలక వచ్చేదాకా రెండుమూడు తీయించి చూడండి, ఒకే కట్టలోనే నట్లు ఒక్కోటి ఒక్కోలా బిగించి ఉంటున్నాయి.